మునిరత్నమ్మ అవ్వ కత్తిపీట

శ్రీకాళహస్తిలో మునిరత్నమ్మ అవ్వ వండిన వంకాయ కూర చూస్తే, కుక్కలు కొట్లాడి వదిలేసినట్టుండేది. ఆమె కత్తిపీట ముట్టదు. వంకాయలు చేత్తో చీలుస్తుంది, బెండకాయలు విరుస్తుంది, గుమ్మడికాయను బండకేసి కొడుతుంది. మొగుడు దేవరాజులు కంచంలోకి చూసి, ఏ కూరో ముందే చెబితే పుణ్యముంటుందని పాతికేళ్లుగా అంటూనే ఉన్నాడు. కత్తిపీట అటక మీద తుప్పు పట్టింది.

స్వర్ణముఖి ఏటిలో కలంకారీ గుడ్డలు ఉతికి ఇసుక మీద ఆరేయడం ఆమె కూలిపని. గ్రహణాల పెద్దరికం మాత్రం ఉచితంగా మీదేసుకుంది. ఎవరి ఊరగాయ జాడీ మీద దర్భ లేదో, ఎవరు విడుపుకు ముందే పొయ్యి ముట్టించారో వీధంతా తిరిగి చూసేది. పళ్లెంలో పసుపునీళ్లు పోసి రోకలి నిలబెట్టేది. నిలిస్తే గ్రహణం పట్టినట్టు, ఒరిగితే విడిచినట్టు. మామూలు మంగళవారం కూడా ఆ రోకలి నిలబడుతుందని చెప్పినవాళ్ల వీపు మోగింది. విడిచాక తలస్నానం చేసి, పాత నీళ్లు పారబోసి, పొయ్యి కొత్తగా రాజేస్తే మనిషి మళ్లీ పుట్టినట్టేనని అందరికీ చెప్పేది. తనకు మాత్రం ఆ పుట్టుక ఎన్నడూ అందలేదు.

పందొమ్మిది వందల ఎనభై ఫిబ్రవరిలో, ఒక శనివారం మధ్యాహ్నం, సూర్యుడికి గ్రహణం పట్టింది. పుట్టింటికి వచ్చిన కూతురు ఆదిలక్ష్మికి అప్పుడు ఏడో నెల. గ్రహణానికి తలుపులు మూయని గుడి కదా ఆ ఊరిది, దేవరాజులు అక్కడికి పోయాడు. అవ్వ కూతుర్ని లోపలి గదిలో చాప మీద పడుకోబెట్టి, కిటికీకి గోనెపట్టా కట్టి, పక్కన కూర్చుంది. కదలకూడదు, గోక్కోకూడదు, దేన్నీ తెంచకూడదు.

ఇంత భయమెందుకని కూతురు చీకట్లో అడిగింది.

అవ్వ చెప్పింది. తొలిచూలుతో ఉన్నప్పుడు, గ్రహణం రోజు, అత్త ఇంట్లో లేదు. ఆకలి. పెరట్లో పచ్చిమామిడికాయ. తెలిసే కత్తిపీట వాల్చుకుంది. బిడ్డ గ్రహణమొర్రితో పుట్టాడు, పైపెదవి ముక్కుదాకా చీలి. రొమ్ము పట్టలేకపోయాడు. ఉగ్గుగిన్నెతో పోసిన పాలు ముక్కులోంచి వచ్చేవి. ఇరవైయొక్క రోజులు.

"వాడు నీకు అన్న, పాపా. చిన్నబ్బా అని పిలస్తా ఉంటి," అంది అవ్వ. "ఆకలికి తాళలేక నేను తింటి. వాడు ఆకలితోనే పాయ."

ఆదిలక్ష్మి చేతులు కొంగులో దాచుకుంది.

"అమ్మా, తిట్టొద్దు. నేను ఇందాకట్నించి గోళ్లు కొరుకుతా ఉండా."

అవ్వ తడిమి ఆ చేతులు పట్టుకుంది. పది గోళ్లూ కొరికేసి ఉన్నాయి. తర్వాత రోకలి ఒరిగి పళ్లెం మోగినా ఆమె లేవలేదు. పొయ్యి ముట్టించమంటారా అని ఆడవాళ్లు వాకిట్లో నిలబడి పిలిచి పిలిచి, చివరికి తామే ముట్టించుకున్నారు.

కాన్పు దాకా ఆ రెండు నెలలు అవ్వ కడుపునిండా తినలేదు. గుడ్డ ఉతుకుతూ ఉతుకుతూ నీళ్లలోనే ఆగిపోయేది.

ఏప్రిల్లో ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బొడ్డు కోయకముందే అవ్వ వంగి మూతి చూసింది. పెదవి నిండుగా ఉంది. ఆ రోజు ఏడుపుకు తెరిచిన ఆ పిల్ల నోరు ఇప్పటికీ మూతపడలేదని ఇంట్లో అంటారు.

దేవరాజులు వీధికి బెల్లం పంచాడు. అవ్వ గోడకు ఆనుకుని ఏడ్చింది. సంతోషమనుకున్నారు. పసిపిల్ల పాలు గుటకలేస్తుంటే ఆమె కూతురి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"పది గోళ్లు కొరికినా దీనికేం కాలా. అట్టయితే, ఒక్క మామిడికాయకు వాడెట్ట పాయ?"

ఆదిలక్ష్మి పిల్లను రెండో రొమ్ముకు మార్చుకుంది. పాతికేళ్లుగా ఆ తప్పును మోయడమే అవ్వకు వాణ్ని ఎత్తుకుని తిరగడం. ఇప్పుడు చంక ఖాళీ.

పురిటిస్నానం అయిన రోజు అవ్వ కత్తిపీట దింపి, ఇసుకతో తోమి, రాతి మీద నూరింది. పచ్చిమామిడికాయను నిలువునా కోసింది. ఒక చెక్కకు ఉప్పద్ది దేవరాజులు చేతిలో పెట్టింది. రెండోది కొంగులో కట్టుకుని ఏటికి నడిచింది. చిన్నబ్బను పూడ్చిన చోటు ఏనాడో వరదకు పోయింది. అయినా గుర్తున్న చోట ఇసుక తవ్వి, చెక్కను లోపల పెట్టి కప్పింది. స్నానం చేసి వచ్చింది.

ఆ పూట కూరలో వంకాయ ముక్కలన్నీ ఒక్క తీరున ఉన్నాయి. దేవరాజులు కంచంలోకి చూశాడు. ఏ కూరని అడగలేదు.