ఒక స్థానిక పరిశీలకురాలు

ఇయోనా మెక్రే ముప్ఫై ఏళ్ళు గొర్రెల ఉన్ని నాణ్యత చూసి వేరుచేసే పని చేసింది. మానియోటోటో మైదానంలో ఆమె వేలు పెట్టి చెప్పిన రకానికి తిరుగు లేదు. పెరట్లోని రేకుల షెడ్డులో టెలిస్కోపు పెట్టుకుని, పదకొండేళ్ళుగా కళ్ళలో వత్తులు వేసుకుని ఆకాశాన్ని కాపు కాస్తోంది. ఎక్కడో ఊహకందని దూరంలో ఒక నక్షత్రం కూలి గామా కిరణాలను ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. ఉపగ్రహం పసిగట్టి ఫోనుకు కబురు పంపుతుంది. ఆ చోట మిగిలే మసక వెలుగు గంటల్లో ఆరిపోతుంది. దాన్ని ముందుగా పట్టుకుని లోకానికి ప్రకటన పంపినవాళ్ళ పేరే నిలుస్తుంది. ఇయోనాకు కావలసిందల్లా అలాంటి ఒక్క ప్రకటన మీద తన పేరు.

జూన్‌లో ఒక సాయంత్రం, మాంసం ఇంకా పెనం మీద ఉండగానే కబురు వచ్చింది. పొయ్యి ఆర్పి పరుగెత్తింది. నాలుగో ఫొటోలో, ఏ నక్షత్ర పటంలోనూ లేని చుక్క! వెంటనే ప్రకటన రాసుకుంది. ఒక్క అంకె తప్పినా పరువు పోతుందని, పంపేముందు ఫొటోలన్నీ ఫెర్గస్‌కు పంపింది. తీరంలోని విశ్వవిద్యాలయంలో పనిచేసే ఫెర్గస్‌తో పదకొండేళ్ళ స్నేహం. ఆ టెలిస్కోపు బిగించి పెట్టింది కూడా అతనే.

"కంగారుపడకు ఇయోనా, లెక్క సరిచూసి చెప్తా. అందాకా ఎవరికీ పంపకు," అన్నాడు ఫోన్లో.

"సరే. నువ్వు చూశావంటే నాకింక దిగుల్లేదు."

పిచ్చిది, ఆగింది. ఇరవై నిమిషాల్లో ప్రకటన వచ్చేసింది. పైన ఫెర్గస్ పేరు. చివర 'ఒక స్థానిక పరిశీలకురాలికి కృతజ్ఞతలు'. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఆమె మూడుసార్లు ఫోన్ చేసినా అతను ఎత్తలేదు.

నెల తర్వాత ఖగోళ సంఘం సమావేశంలో టీ, చీజ్ రోల్స్ అయ్యాక, ఫెర్గస్ ఆమె ఫొటోనే తెర మీద వేసి "మేం పట్టుకున్న వెలుగు" అంటూ అరగంట మాట్లాడాడు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అనగానే ఇయోనా లేచింది.

"ఆ సాయంత్రం మీ ఊళ్ళో ఆకాశం ఎలా ఉంది, ఫెర్గస్?"

ఆకాశం చూసేవాళ్ళు పెళ్ళిరోజు మరచిపోతారు గానీ, మబ్బు పట్టిన రోజును మరచిపోరు. ఆ సాయంత్రం తీరమంతా కుండపోత అని అక్కడున్న ముప్ఫై మందికీ తెలుసు. చాలామంది నోటు పుస్తకాల్లో రాసుకున్నారు కూడా.

"ఆ వివరాలు తర్వాత చూద్దాం," అన్నాడు ఫెర్గస్.

ఇయోనా ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఖాళీ టీ కప్పుల్లోకి చూస్తున్నారు. వెనక నుంచి ఎవరో ఫెర్గస్ ప్రసంగానికి చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

"ఎందుకీ రచ్చ?" అన్నాడు సంఘం అధ్యక్షుడు మర్డో, ఆమె చెవి దగ్గరకొచ్చి. "అతనికి కోపమొస్తే విశ్వవిద్యాలయం టెలిస్కోపు దరిదాపులకు మనల్ని రానిస్తారా?"

గుమ్మం దగ్గర ఫెర్గస్ ఎదురయ్యాడు. "మనసులో పెట్టుకోకు. ఈసారి దొరికితే ముందు నాకే పంపు. నీ పేరు పెడతా, ఒట్టు."

"లోకమంతటికీ పంపుతాగా, అందులో నువ్వూ చదువుకో," అంది ఇయోనా.

ఫెర్గస్ గురించి ఏడవాల్సిందంతా నెల క్రితమే ఏడ్చేసింది. సమావేశం నుంచి బయటికొచ్చి కారులో కూర్చుని ఏడ్చింది మాత్రం, తెలిసి తెలిసీ చప్పట్లు కొట్టిన ఆ ముప్ఫై మంది గురించి.