తలుపు తీయించిన వకీలు

కువైట్‌లో ఉన్నన్నాళ్లూ అబ్దుల్ ఖుద్దూస్ నల్లకోటు తొడగలేదు. పరాయి దేశం వాడు అక్కడి కోర్టులో నిలబడి వాదించడానికి వీల్లేదు. అయినా జాబ్రియా ఇళ్లలో అంట్లు తోమే ఆడవాళ్ల నుంచి కబ్ద్ ఎడారిలో గొర్రెలు మేపే మగవాళ్ల దాకా, మా కడప జిల్లా వాళ్లందరికీ వకీలన్న అంటే ఆయనే.

రాయచోటి కోర్టులో కొన్నేళ్లు ప్లీడరుగా ఉండి, కేసులు దొరక్క, చిన్నప్పుడు మదరసాలో నేర్చుకున్న అరబ్బీని నమ్ముకొని ఆయన వచ్చాడు. హవల్లీలో అబూ నాసర్ అనే కువైటీ వకీలు ఆఫీసులో కాగితాలు తర్జుమా చేసే ఉద్యోగం. నేను ఆయన బిల్డింగులోనే కింది వాటాలో ఉండేవాణ్ణి. ఒక కంపెనీ వ్యాను నడిపేవాణ్ణి. శుక్రవారం పొద్దున ఆయన గది ముందు మెట్ల మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. వాతలు చూపించేవాళ్లు, పాస్‌పోర్టు లాక్కున్నారని ఏడ్చేవాళ్లు, చచ్చిపోయిన తమ్ముడి శవాన్ని ఊరికి పంపే దారి తెలియనివాళ్లు. ఖుద్దూస్ భాయ్ మెత్తని మనిషి కాదు. ఒక్క మాట అబద్ధం కలిపితే లేచి పొమ్మనేవాడు. నిజం చెప్తే అరబ్బీలో అర్జీ రాసి, మరునాడు అబూ నాసర్ బల్ల మీద పెట్టేవాడు. ఆయన భార్య ఫరీదా వచ్చినవాళ్లందరికీ టీ కాచి పోసేది.

మొదట్లో అబూ నాసర్ ఆ అర్జీలు ముట్టుకోలేదు. అవతలి వాళ్లంతా ఆయన చుట్టాలో, చుట్టాల స్నేహితులో. ఈ ఊళ్లో ఒక పనిమనిషి తనకు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ మీద కేసు వేయాలనుకుంటే ఆమె పక్కన నిలబడే వకీలు ఒక్కడైనా ఉన్నాడా అని ఖుద్దూస్ భాయ్ ఒకరోజు ఆయన్ను అడిగాడు. అబూ నాసర్ కొన్నాళ్లకు ఒక అర్జీ మీద సంతకం పెట్టి, ఫీజు లేకుండా తానే వెళ్లి వాదించాడు. ఆ తర్వాత ఆపలేదు. బంధువులు ఆయన్ను విందులకు పిలవడం మానేశారు.

తిరుపాలమ్మది అలాంటి కేసే. రాయచోటి పక్క పల్లె మనిషి. భర్త పెద్దన్న, చంద్రిక అనే చిన్నపిల్ల ఊళ్లో ఉన్నారు. ఆమె జాబ్రియాలో ఒక పెద్ద ఇంట్లో పనిచేసేది. ఒప్పుకున్న గడువు ఎప్పుడో దాటిపోయినా, ఆ ఇంటి యజమానురాలు, తిరుపాలమ్మ అరబ్బీలో ‘మామా’, అంటే అమ్మా, అని పిలిచే మనిషి, పాస్‌పోర్టు ఇవ్వలేదు, ఇంటికి పంపలేదు. అబూ నాసర్ వాదించాడు. పాస్‌పోర్టు ఇచ్చి ఆమెను స్వదేశానికి పంపాలని జడ్జి తీర్పు చెప్పాడు. అది 1990 ఆగస్టు నెల మొదటి రోజు, బుధవారం. అక్కడి గురు, శుక్రవారాల సెలవులు పోగానే, శనివారం, తీర్పు అమలు చేయించాలి. గురువారం తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్లో ఉన్నాయి.

మామా కుటుంబం కార్లలో సౌదీకి బయలుదేరింది. తిరుపాలమ్మ తన మూట సర్దుకుని గుమ్మంలో నిలబడింది. కార్లలో చోటు లేదన్నారు. పోనీ పాస్‌పోర్టు ఇవ్వమని ఆమె కాళ్లు పట్టుకుంది. నన్ను కోర్టుకు ఈడ్చిన దానివి కదా, నీ కోర్టునే పిలుచుకో, అదే వచ్చి తలుపు తీస్తుంది అని మామా ఆమెను లోపలికి నెట్టి, బయటి ఇనుప తలుపుకు తాళం వేసింది. పాస్‌పోర్టు మామా చేతిసంచిలోనే వెళ్లిపోయింది.

ఆ ఎండల్లో కరెంటు వచ్చేది, పోయేది. తిరుపాలమ్మ మేడమీది కిటికీ ఊచలు పట్టుకుని వీధిలో పోయేవాళ్లను కేకేసేది. చివరికి ఎవరో మలయాళీ డ్రైవరు హవల్లీకి కబురు తెచ్చాడు. ఖుద్దూస్ భాయ్ నడిచి వెళ్లాడు. ఆమె చీరను కిందికి వదిలితే, రొట్టెలూ నీళ్ల సీసాలూ కట్టి పైకి పంపాడు. అలా చాలా రోజులు వెళ్లాడు.

తాళం పగలగొట్టమని నేను చెప్పాను. ఇనుప కడ్డీ నా వ్యానులోనే ఉంది. కానీ ఇళ్లు దోచినవాణ్ణి ఉరి తీస్తామని సైనికులు చాటింపు వేసి, ఒక శవాన్ని క్రేనుకు వేలాడదీసి చూపించారు. కువైటీ ఇంటి తాళం పగలగొడుతూ ఇండియా వాడు దొరికితే ఏమీ అడక్కుండా ఉరి తీస్తారు. పైగా ఖుద్దూస్ భాయ్‌కి కాగితం మీద నమ్మకం. జడ్జి తీర్పు తన దగ్గరుంది, దాన్ని చూపించి అనుమతి తీసుకుని తలుపు తీయిస్తానన్నాడు. నేను వద్దన్నాను. వినలేదు.

ఆ వీధి చివర బడిలో సైనికులు దిగారు. అక్కడి అధికారి తీర్పు కాగితాన్ని తీరిగ్గా చదివాడు.

“ఇది ఏ దేశపు కోర్టు?” అని అడిగాడు.

“కువైట్ కోర్టు.”

“అలాంటి దేశం లేదు.”

ఖుద్దూస్ భాయ్ తల వంచుకుని, దేశం సంగతి తనకు తెలియదని, లోపల ఒక ఆడమనిషి తిండి లేక ఉందని చెప్పాడు. అధికారి ఆ కాగితంలో ఇంటి చిరునామా మళ్లీ ఒకసారి చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన మనుషుల్ని పిలిచాడు. వాళ్లు తుపాకులతో తాళం పేల్చి తలుపు తీశారు.

టీవీలు, తివాచీలు, ఫ్రిజ్జులు లారీ ఎక్కాయి. తిరుపాలమ్మ మూట చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే ఒక సైనికుడు ఆమె జబ్బ పట్టుకుని ఆపాడు. వంటకు మనిషి కావాలన్నారు. ఆమెను పంపించండి అని ఖుద్దూస్ భాయ్ అడ్డం వెళ్లాడు. తుపాకీ మడమతో ఎడమ చెవి మీద కొట్టారు. పడ్డాక కూడా కొట్టారు. తలుపు ఆయన ముందే మళ్లీ మూసుకుంది. ఆయన్ను నేనే వ్యానులో తెచ్చాను. చెవిలోంచి కారిన రక్తం మెడ మీద ఎండిపోయింది.

లేవగలిగాక మళ్లీ వెళ్లాడు. మళ్లీ కొట్టి పంపారు.

సెప్టెంబరులో ఆ దళం ఇంకో చోటికి మారింది. తలుపు తీసి వదిలేసి పోయారు. తిరుపాలమ్మ చెప్పుల్లేకుండా హవల్లీకి నడిచి వచ్చింది. ఫరీదా ఆమెకు నీళ్లు పోసి, తన బట్టలు కట్టించింది. ఆ ఇంట్లో ఏం జరిగిందని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మన ఎంబసీ వాళ్లు పాస్‌పోర్టు లేనివాళ్లకు ఇచ్చే ప్రయాణ పత్రం ఖుద్దూస్ భాయ్ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఫరీదానూ, తిరుపాలమ్మనూ, నన్నూ బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్లే బస్సు ఎక్కించాడు. తాను రానన్నాడు. కబ్ద్ ఎడారిలో, మూసిన ఇళ్లల్లో ఇంకా మనవాళ్లు ఉన్నారని ఫరీదాకు చెప్పాడు. ఆమె బస్సులో ఏడవలేదు. కిటికీ వైపు కూడా చూడలేదు.

మేము వచ్చేశాక ఆయన ఎంతోమందికి పత్రాలు తెచ్చి బస్సులెక్కించాడని తర్వాత తెలిసింది. ఆ చలికాలంలో సైనికులు అబూ నాసర్‌ను ఇంట్లోంచి తీసుకెళ్లారు. ఆయన బతికున్నట్టు గాని, చనిపోయినట్టు గాని ఇప్పటికీ కబురు లేదు.

ఫిబ్రవరిలో ఇరాక్ వాళ్లు పారిపోయారు. మామా తిరిగి వచ్చి ఖాళీ ఇల్లు చూసుకుంది. ఎదురింటి ముసలాయన చూసింది చూసినట్టు చెప్పాడు: ఒక ఇండియా వాడు సైనికుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు, వాళ్లు తలుపు పేల్చారు. మామా ఫిర్యాదు ఇచ్చింది. ఖుద్దూస్ భాయ్‌ను పట్టుకెళ్లారు. శత్రువుకు సాయం చేశాడన్నది నేరం. తనకు వకీలు కావాలని ఆయన అడిగాడు. ఎవరూ రాలేదు. ఆయన తరఫున మాట్లాడగలిగిన ఒక్క వకీలు జాడ లేకుండా పోయాడు. విచారణ ఒక పూటలో అయిపోయింది. సైనికుల్ని ఆ ఇంటికి తెచ్చింది నువ్వేనా అని అడిగారు. నేనే అన్నాడు. ఎందుకో చెప్పబోతే కూర్చోమన్నారు. జైలుశిక్ష వేశారు.

ఆ కబురు రాయచోటికి చేరగానే ఫరీదా తిరుపాలమ్మ పల్లెకు వెళ్లింది. నేనే తీసుకెళ్లాను. ఆమె సాక్ష్యం ఇస్తే మళ్లీ విచారించే అవకాశం ఉందని కడపలో ఒక వకీలు చెప్పాడు. కానీ తలుపు ఎందుకు తీయించాడో, తర్వాత సైనికులు ఆమెను ఎందుకు ఆపుకున్నారో, అంతా ప్రమాణం చేసి చెప్పాలి. ఫరీదా ఆ మాట అనలేక నేల చూస్తూ కూర్చుంది.

“నువ్వు అడగాకు అక్కా,” అంది తిరుపాలమ్మ. “నాకు అర్థమయింది. ఎప్పుడు రావాలో చెప్పు, వస్తా.”

కడపలో నోటరీ ఆఫీసులో, ఇద్దరు మగవాళ్ల ముందు, ఆమె అంతా చెప్పింది. రాసేవాడు మధ్యలో ఆగి నీళ్లు తాగొచ్చాడు. ఆమె ఆగలేదు. చివర వేలిముద్ర వేసింది.

ఆ సంగతి ఆమె కంటే ముందే పల్లె చేరింది. ఇంటికి వెళ్లేసరికి పెద్దన్న ఆమె బట్టలు వీధిలో పారేశాడు. చంద్రికను అత్త లోపలి గదిలో పెట్టి గొళ్లెం వేసింది. తిరుపాలమ్మ వాకిట్లో చీకటి పడేదాకా కూర్చుని, లేచి రాయచోటికి ఫరీదా ఇంటికి నడిచింది.

ఎంబసీ ద్వారా కువైట్ చేరిన ఆ సాక్ష్యం వల్లే మరుసటి ఏడాది ఖుద్దూస్ భాయ్‌ను వదిలి ఇండియాకు పంపేశారు. నిర్దోషి అని ఎవరూ అనలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడికాలు వంగదు. ఇంట్లోకి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్న తిరుపాలమ్మను చూశాడు. సంగతి ఫరీదా చెప్పింది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

మళ్లీ నల్లకోటు తొడిగి రాయచోటి కోర్టులో అడుగుపెట్టాడు. మొదటి కేసు తిరుపాలమ్మదే: పెద్దన్న మీద మనోవర్తి, బిడ్డను చూసే హక్కు. అవతలి ప్లీడరు పెద్దగా వాదించలేదు. కడపలో ఆమె ఇచ్చిన సాక్ష్యం నకలు తెప్పించి నిండు కోర్టులో చదివాడు. ఆమె స్వయంగా ఒప్పుకున్న మాటలివి, ఇలాంటి ఆడదానికి మనోవర్తి ఏమిటన్నాడు. తనను జైలు నుంచి బయటికి తెచ్చిన మాటల్ని ఖుద్దూస్ భాయ్ మొదటిసారి పూర్తిగా విన్నది అక్కడే. ఆ ప్లీడరు తన వినపడని చెవి వైపు నిలబడి ఉంటే బాగుండేదని తర్వాత నాతో అన్నాడు.

కేసు కొట్టేశారు. ఆయన పైకోర్టుకు వెళ్లాడు. బలవంతం చేసినవాడి తప్పు ఆమెది ఎలా అవుతుందని ఏళ్ల తరబడి వాదించి గెలిచాడు. బిడ్డను నెలకోసారి కోర్టు వరండాలో చూపించాలని ఆర్డరు వచ్చింది. మొదటిసారి పెద్దన్న చంద్రికను తెచ్చినప్పుడు తిరుపాలమ్మ పిల్ల కోసం కొత్త పావడా కొని పొద్దున్నే వచ్చి కూర్చుంది. పిల్ల అప్పటికి బాగా ఎత్తు ఎదిగింది. తండ్రి చొక్కా వదల్లేదు.

“మాయమ్మ కువైట్లో సచ్చిపోయింది,” అంది, ఆమె మొహంలోకి చూస్తూనే.

తర్వాతి నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. పిల్లే రానంటోందని పెద్దన్న కాగితం పెట్టాడు. ఇక బలవంతం చేయొద్దని తిరుపాలమ్మే చెప్పింది.

ఆమె ఫరీదా ఇంట్లోనే ఉండిపోయింది. ఖుద్దూస్ భాయ్ వారంలో ఒక పూట ఇంటి అరుగు మీద ఊరికే కేసులు వినేవాడు. భర్తల జాడ తెలియనివాళ్లు, గల్ఫ్ నుంచి శవాలు రానివాళ్లు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టేది తిరుపాలమ్మ. చెవి సరిగా వినపడని ప్లీడరని జడ్జీలు విసుక్కునేవారు. డబ్బిచ్చే కక్షిదారులు ఆయన దగ్గరికి రాలేదు. బతికుండగా ఆయనకు ఏ సంఘమూ శాలువా కప్పలేదు.

ఆయన పోయాక వకీళ్లు సభ పెట్టి ఫోటోకు దండ వేశారు. తిరుపాలమ్మను రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు ముట్టుకోకుండానే చెప్పింది.

“దండ బాగుండాది సామీ. ఈడ ఇంతమంది వకీళ్లు ఉండారు. వారానికి ఒక పూట మా అరుగు మీద ఊరికే కూర్చోండి. ఆడోళ్లు వస్తానే ఉండారు, చెప్పుకోను ఎవురూ లేరు.”

ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకాయన ఎండాకాలం రాగానే మానేశాడు. రమాదేవి అని ఒకమ్మాయి ఉంది, కొత్తగా వకీలుగా సన్నదు తీసుకుంది. ఆమె ఇంకా వస్తోంది.