మధ్య కాయిల్‌కి బొట్టు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో మా ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసినవి చాలా ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఆటోనగర్‌లో ఒక మేకుకి వేలాడుతూ వచ్చేపోయేవాళ్లందరికీ కనిపిస్తోంది. ఎవరి నోటో మీరు వినేకంటే నేనే చెప్పుకుంటే కాస్త పరువైనా మిగులుతుందని ఆశ. మిగలదని నాకూ తెలుసు, అయినా చెబుతాను.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. భవానీపురంలో ఒక అపార్ట్‌మెంటులో అమ్మ, చెల్లెలు శిరీష, నేను ఉండేవాళ్లం. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఇండక్షన్ కాయిల్ పాఠం ఎంత బాగా చెప్పేవాణ్ణంటే, చివరి బెంచీ వాళ్లు కూడా ఉలిక్కిపడి లేచి, ప్రమాదమేమీ లేదని తెలుసుకుని, మళ్లీ పడుకునేవాళ్లు. ఆ ఏడాదే ఒక చిన్న కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మూడు సిలిండర్ల బండి. కొన్న నాలుగు నెలలకి దానికి వణుకు పట్టుకుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండేది. వేడెక్కితే మాత్రం సిగ్నల్ దగ్గర మలేరియా వచ్చినట్టు ఊగిపోయేది, యాక్సిలరేటర్ తొక్కినా కదిలేది కాదు.

సరిగ్గా ఆ వారమే శిరీషకి బెంగళూరులో ఉద్యోగానికి ఆఖరి ఇంటర్వ్యూ వచ్చింది. ఏడాదిన్నరగా అది రాయని పరీక్ష లేదు, ఎక్కని మెట్టు లేదు. ఆఖరి దాకా వచ్చింది ఇదొక్కటే. శుక్రవారం పొద్దున్న పదకొండింటికి గన్నవరంలో విమానం.

"క్యాబ్ బుక్ చేసుకుంటాలే అన్నయ్యా" అంది.

"సొంత కారు పెట్టుకుని క్యాబేంటే? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాను.

నలుగురూ ఏమీ అనుకోరండీ. నలుగురికీ ఎవరి పనులు వాళ్లకున్నాయి. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

సోమవారం బండిని ఆటోనగర్‌లో మస్తాన్ గారి షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన పాతికేళ్లుగా మెకానిక్కు. మాట తక్కువ. ఇంజన్ వేడెక్కేదాకా కదలకుండా కూర్చుని, వణుకు మొదలయ్యాక లేచి బానెట్ ఎత్తారు. లోపల పెట్రోలుని మండించే నిప్పురవ్వకి కరెంటు అందించే కాయిల్స్ మూడు వరసగా ఉన్నాయి, సిలిండరుకి ఒకటి చొప్పున.

"చూడండి మాస్టారూ. ఈ పక్కది వైరు పీకితే ఇంకా ఎక్కువ ఊగుద్ది. ఆ పక్కది పీకినా అంతే. ఇప్పుడు మధ్యది పీకుతున్నా."

పీకారు. ఇంజన్ ఇందాక ఎలా ఊగుతోందో అలాగే ఊగింది.

"ఉన్నా లేకపోయినా ఒకటే అంటే, అది పని చేయట్లేదన్నమాట."

ఈ పరీక్ష మా స్టాఫ్‌రూములో కూడా పెడితే బాగుండుననుకున్నాను. నా వైరు పీకితే ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు.

"బండి వదిలెళ్లండి. సాయంత్రానికి కొత్తది వేసిస్తా" అన్నారాయన.

"కాయిలే కదండీ. ఒక బోల్టు, ఒక వైరు. నేనే చూసుకుంటా. రోజూ పిల్లలకి చెప్పేది ఇదే."

మస్తాన్ గారు నవ్వలేదు. ఇంజన్ ఆపించి, స్క్రూడ్రైవర్ మొనతో మధ్య కాయిల్ నెత్తిన ఏదో గోకి, బానెట్ మూసేశారు. "సరే మాస్టారూ, మీ ఇష్టం" అన్నారు.

ఇక నా ప్రతాపం చూడండి. మర్నాడు మధ్య కాయిల్ ఊడదీశాను. అచ్చం అలాంటిదే కావాలని కొట్లో చూపించాలి కదా. దాన్నిండా నల్లటి జిడ్డు. అంత మురికి వస్తువుని పట్టుకుని లెక్చరరు కొట్టుకెళ్తే ఏం బాగుంటుంది? పాత టూత్‌బ్రష్ తీసుకుని గంటసేపు తోమి, కొబ్బరినూనె చుక్క వేసి మెత్తటి గుడ్డతో తుడిచాను. పుట్టిన రోజున కూడా అది అంత మెరిసి ఉండదు. కొట్టు అబ్బాయి కొత్త కాయిల్ ఇచ్చాడు. "అట్టపెట్టె చిరిగిపోయింది సార్, సరుకు మాత్రం కొత్తదే" అన్నాడు. దాని మీద ఆటోనగర్ దుమ్మంతా ఉంది.

రెండింటినీ తెచ్చి హాల్లో టేబుల్ మీద పెట్టాను. మంచి పని మొదలుపెట్టేముందు స్నానం చేయాలని అమ్మ అంటుంది కాబట్టి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒకదానికి పసుపు రాసి, చక్కగా కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మా ఇంట్లోకి మిక్సీ వచ్చినా, కుక్కర్ వచ్చినా, చివరికి చీపురు వచ్చినా అమ్మ బొట్టు పెట్టందే వాడనివ్వదు. కాబట్టి బొట్టున్నది కొత్తది, లేనిది పాతది. ఇందులో ఆలోచించడానికేముంది? నేను ఆలోచించలేదు.

బొట్టు కాయిల్ బిగించాను. రెండోది చెత్తబుట్టలో వేయబోతే అమ్మ అడ్డుపడింది.

"పారేయకురా, ఎప్పుడైనా పనికొస్తుంది."

"చెడిపోయిన కాయిల్ ఎందుకు పనికొస్తుందే అమ్మా?"

"ఎందుకో ఒకందుకు. డిక్కీలో పడెయ్, అన్నం అడుగుతుందా?"

పడేశాను. ఇంజన్ స్టార్ట్ చేస్తే పాలమీద మీగడంత నున్నగా తిరిగింది. చల్లటి ఇంజన్ ఎప్పుడూ అలాగే తిరిగేదన్న ముక్క నాకు గుర్తు రాలేదు. కింద వాచ్‌మన్‌కి, పై ఫ్లోరు వాళ్లకి, లిఫ్టులో దొరికిన కొరియర్ అతనికి కూడా నా విజయం వివరించాను.

బుధవారం కాలేజీ నుంచి వస్తుంటే మళ్లీ అదే వణుకు. నేను వెంటనే శాస్త్రీయమైన నిర్ణయానికి వచ్చాను. కాయిల్ కొత్తది, వణుకు పాతది, కాబట్టి తప్పు మస్తాన్ గారిది. రోడ్డు పక్కన ఆపి ఫోన్ చేశాను.

"కాయిల్ అన్నారు. కొత్తది వేసినా ఊగుతోంది. సరిగ్గా చూసి చెప్పాలి కదండీ, ఇంత అనుభవం ఉండి."

"ఒకసారి తీసుకురండి మాస్టారూ, చూద్దాం."

"అక్కర్లేదు లెండి" అని పెట్టేశాను. అంతటితో ఊరుకున్నానా? మస్తాన్ గారికి వయసు మీదపడింది, చూపు ఆనట్లేదు అని అపార్ట్‌మెంటు మొత్తం చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి బయలుదేరాం. బండి హాయిగా కదిలింది. "చూశావా, దానంతట అదే సర్దుకుంది" అన్నాను. శిరీష ఫైలు ఒళ్లో పెట్టుకుని పెదాలతో ఏవో జవాబులు వల్లె వేసుకుంటోంది. బెంజ్ సర్కిల్ కాస్త దూరంలో ఉందనగా వణుకు మొదలై, సిగ్నల్‌కి ముందే బండి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే నాలుగడుగులు వేసి మళ్లీ ఆగింది. వెనకాల లారీవాడు హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. తోసి పక్కన పెట్టాను. శిరీష రెండు క్యాబ్‌లు బుక్ చేస్తే రెండూ రద్దయిపోయాయి. అది నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా గడియారం చూసుకుంటూ కళ్లు తుడుచుకుంది.

ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన మనిషి ఒక్కరే.

"మస్తాన్ గారూ, నేనండీ... ఆ రోజు..."

"ఎక్కడున్నారు మాస్టారూ?"

అంతే అడిగారు. పది నిమిషాల్లో స్కూటర్ మీద వచ్చేశారు. నేను క్షమాపణలు వరసగా పేర్చుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన వినిపించుకోకుండా బానెట్ ఎత్తి, ఒక్క క్షణం ఆగిపోయారు.

"ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

"మా అమ్మ. కొత్తది కదండీ అని."

ఆయన గుడ్డతో మెల్లిగా బొట్టు తుడిచారు. కింద అడ్డంగా ఒక గీత కనిపించింది.

"ఈ గీత నేను గీసిందే. చెడిపోయిన దాని మీద గుర్తు పెట్టా, కలిసిపోకుండా."

తోమేటప్పుడు ఆ గీత నేనూ చూశాను. మురికేమో అనుకుని అక్కడ ఇంకాస్త గట్టిగా తోమాను కూడా. నేను అంత మెరుగు పెడితే, పాపం అమ్మ దాన్నే కొత్తదనుకుంది.

"మరి రెండోది పారేశారా?" అన్నారు మస్తాన్ గారు. మొదటిసారి ఆయన గొంతులో కంగారు వినిపించింది.

"డిక్కీలో ఉందండీ. అమ్మ పారేయనివ్వలేదు."

"అమ్మగారు బతికించారు."

మూడు నిమిషాల్లో మార్చేసి, పాతది జేబులో వేసుకున్నారు. వేడి ఇంజన్ నిశ్శబ్దంగా, నిలకడగా తిరిగింది. శిరీష కిటికీలోంచి తల బయటపెట్టి "ఏమైందండీ?" అని అడిగింది. ఆయన నా మొహం వైపు ఒకసారి చూశారు.

"ఏం లేదమ్మా, వైరు లూజైంది. అన్నయ్య పని బానే చేశారు. నువ్వు కంగారు పడకుండా వెళ్లి, బాగా చెప్పి రా."

అపార్ట్‌మెంటు మొత్తం తన పేరు పాడుచేసినవాడి పరువు, వాడి చెల్లెలి ముందు కాపాడారాయన. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను. చెక్-ఇన్ కౌంటర్ మూసేలోపే గన్నవరం చేరాం. పది రోజులకి శిరీషకి ఉద్యోగం వచ్చింది.

అపార్ట్‌మెంటులో ప్రతి గుమ్మానికీ వెళ్లి అసలు సంగతి చెప్పాను. కొరియర్ అతన్ని కూడా ఆపి చెప్పాను. తర్వాత ఇంట్లో చేసిన సున్నుండలు పట్టుకుని అమ్మా నేనూ షెడ్డుకి వెళ్లాం. "బొట్టు పెట్టింది నేనే బాబూ, తప్పు నాదే" అంది అమ్మ. "దాచిపెట్టింది కూడా మీరే కదమ్మా" అన్నారాయన, డబ్బా అందుకుంటూ.

అప్పుడు చూశాను. గోడ మేకుకి నా పాత కాయిల్ వేలాడుతోంది. దానికి కొత్తగా కుంకుమ బొట్టు కూడా పెట్టి ఉంది.

"ఇదేంటండీ?"

"'నేనే చూసుకుంటా' అనే కస్టమర్లు వస్తుంటారు కదా మాస్టారూ. దీని కథ చెబితే తాళాలిచ్చి బుద్ధిగా కూర్చుంటున్నారు."

"నా పేరు కూడా చెబుతున్నారా?"

"ఛ, పేరెందుకండీ" అన్నారు మస్తాన్ గారు నొచ్చుకుంటూ. "ఫిజిక్స్ లెక్చరర్ అని చెబుతా, అంతే."

కాబట్టి ఆ మేకు సాక్షిగా, కుంకుమ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అద్దం తుడిచే నీళ్లు పోయడానికి తప్ప, ఈ జన్మలో నా కారు బానెట్ నేను ఎత్తను. అమ్మ మాత్రం మానలేదు. మొన్న కొత్త వైపర్లు తెస్తే కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది, కానీ వేలు ముంచకుండా ఆగింది.

"ముందు మస్తాన్ గారికి ఫోన్ చెయ్యరా" అంది. "ఏది కొత్తదో ఆయన్నడిగి చెప్పు, అప్పుడు పెడతాను."