మోటారుకు అడ్డుపడ్డ నాచు

నా చిన్నప్పుడు మేమెక్కిన పడవ కృష్ణా నది మధ్యలో ఎందుకు ఆగిందో తెలియకుండానే మా అమ్మ పోయిన నెల కన్నుమూసింది. ఇక చెప్పవచ్చు. చెప్పాలి కూడా. మా బంధువులు కొందరు పడవ అలా ఆగిన నిందను ఇప్పటికీ సాయిబు బాబాయి మీదే వేస్తారు. అమ్మ పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా అదే మాట ఎత్తారు. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

మాది అచ్చంపేట దగ్గర ఏటి ఒడ్డు పల్లె. యుద్ధం ముగిశాక పటాలం వాళ్లు వేలం వేసిన మోటారు ఒకటి కొనుక్కొచ్చి, బాబాయి తన పడవ వెనక బిగించాడు. ఆయన మాకు చుట్టం కాదు. మా వీధిలోనే ఉండేవాడు, మా నాయనను అన్నా అని పిలిచేవాడు. ఆ మోటారు అడుగున ఉన్న జల్లెడ గుండా ఏటి నీళ్లు పీల్చుకుని, వేడి తగ్గించుకుని, పక్కనున్న చిన్న బెజ్జంలోంచి ఆ నీళ్లను బయటికి చిమ్మేది. నడిపినంతసేపూ బాబాయి ఒక అరచెయ్యి ఆ ధార కింద పెట్టి ఉంచేవాడు.

ఆ ఏడు వరద రోజుల్లో మా తమ్ముడికి కంఠసర్పి వచ్చింది. ఊపిరి ఆడటం లేదు. డాక్టరు ఆవలి ఒడ్డున ఉన్నాడు. గడ వేసి దాటలేనంత నీరు. నాయన తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని పడవ ముందు భాగంలో కూర్చున్నాడు, పక్కన అమ్మ. నేను వెనక మోటారు దగ్గర. నడి ఏటికి రాగానే అమ్మ, మా వైపు ఆడవాళ్లందరూ చేసినట్టే, పసుపు కుంకుమ మూటగట్టిన రవికెగుడ్డను కృష్ణమ్మకు వదిలి, బిడ్డను దక్కించమని మొక్కుకుంది.

కాసేపటికి బాబాయి చేతి కింద ధార సన్నబడింది. తర్వాత ఆవిరి వచ్చింది. వెంటనే ఆయన మోటారు ఆపేశాడు. పడవ వాలుకు కొట్టుకుపోసాగింది. నాయన నోటికొచ్చినట్టు తిట్టి, మోటారు తిప్పమన్నాడు.

"ఇప్పుడు తిప్పితే బిగుసుకుపోద్దన్నా. ఇంక ఒడ్డు చూడం," అన్నాడు బాబాయి.

బెజ్జంలో తీగ పెట్టి పొడిచాడు. అది సాఫీగా దూరింది. అంటే అడ్డు పైన లేదు, నీళ్లు పీల్చే చోటే ఉంది. మోటారును వెనక్కి ఎత్తి, వంగి జల్లెడ తడిమాడు. జల్లెడకు అతుక్కుపోయిన, పసుపంటిన ఆ రవికెగుడ్డ చేతికి వచ్చింది. ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ తమ్ముడి ముఖం మీదికి వంగి ఉంది. గుడ్డను పిడికిట్లో నలిపి లుంగీ మడతలో దోపుకున్నాడు.

"ఏందిరా అది?" అని నాయన అరిచాడు.

"నాచన్నా. బయల్దేరేటప్పుడే చూసుకోవాల్సింది. నాదే తప్పు."

తర్వాత గొంతు తగ్గించి నాతో అన్నాడు: "అమ్మతో చెప్పమాక తల్లీ. పిల్లోడికేమన్నా అయితే, ఇది తెలిసి ఆమె బతకలేదు."

మోటారు చల్లారాక మళ్లీ తిప్పాడు. ధార వచ్చింది. ఒడ్డు చేరాం. డాక్టరు అరుగు మీదే తమ్ముడు పోయాడు. ఇంకొంచెం ముందు తీసుకొస్తే బాగుండేదని డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్నాడు. నాయన రేవుకు తిరిగొచ్చి, జనం అందరి ముందూ బాబాయి చెంప పగలగొట్టాడు. నీ మోటారే నా కొడుకును మింగిందిరా అన్నాడు. అమ్మ ఇసుక ఎత్తి బాబాయి ముఖాన పోసింది. ఆ గుడ్డ ఇంకా ఆయన లుంగీ మడతలోనే ఉంది. తీసి చూపిస్తే చాలు, అందరి నోళ్లూ మూతపడేవి. ఆయన చెయ్యి అటు పోలేదు.

ఊరి పెద్దలు మరుసటి ఏడు రేవు వేలంపాటకు ఆయన్ను రానివ్వలేదు. చిలకలూరిపేటలో పత్తి మిల్లుకు పనికి పోయాడు, అక్కడే చనిపోయాడు. మా ఊరి నుంచి ఒక్కరు కూడా చూడటానికి వెళ్లలేదు. ఏటా తమ్ముడు పోయిన రోజున అమ్మ ఆయన్ను శపించేది. నేను పళ్లు బిగబట్టి వినేదాన్ని.

నాయన మీద, ఊరి మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. అమ్మ మీద మాత్రం కోపం రానివ్వలేదు. బాబాయి చెంపదెబ్బ తిన్నది ఆమె మీదికి ఏ నిందా రాకూడదనే కదా. ఏదైనా చెడు జరిగినప్పుడు, అందరూ చుట్టుముట్టిన మనిషి ఎదురు చెప్పకుండా తప్పు నాదే అని ఒప్పుకుంటే నేను ఇప్పటికీ నమ్మను. ముందు అతని పిడికిలి వైపు చూస్తాను.