ఆమె అడిగిన రెండు నెలలు

మొన్న ఆదివారం డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తోడల్లుడి ఇంట భోజనాలయ్యాక ఆయన కూతురు ఫోనులో ఒక పాత పాట పెట్టింది. ఆ గొంతును నేను వెంటనే గుర్తుపట్టాను. పెళ్లయిన కొత్తలో డెట్రాయిట్‌లో మేము అద్దెకున్న భవనంలో మా పై వాటాలో ఉండి, నల్లవారి సోల్ సంగీతం పాడిన గాయనిది అది.

"ఈవిడ మా పైనే ఉండేదమ్మా, రోజూ ఫ్రీ కన్సర్ట్!" అన్నాడు మా తోడల్లుడు.

"వావ్ డాడీ, ఇన్నేళ్లూ చెప్పలేదే!" అని ఆ పిల్ల మురిసిపోయింది.

ఈ వయసులో కోపం మంచిది కాదంటారు గాని, ఆ ప్రగల్భం వింటూ కూర్చోవడం నావల్ల కాలేదు.

తాగుడు వల్ల పేరూ సంసారమూ పోగొట్టుకున్నదని పత్రికలన్నీ రచ్చ చేసిన ఆ మనిషి, వాటాలో దిగిన రోజునే మా గుమ్మం ముందుకు వచ్చి, తాను మానేసి ఏడాది కావస్తున్నదనీ, ఒక చిన్న కంపెనీ మళ్లీ రికార్డింగుకు పిలిచిందనీ చెప్పి, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా సాధన చేసుకుంటే అభ్యంతరమా అని అడిగింది. ఆరయ్యేసరికి చరణం మధ్యలో ఉన్నా ఆపేసేది. అంతటి సమయపాలన నేను మా సంగీతం మేష్టారిలో కూడా చూడలేదు. ఆమె ఒకే పంక్తిని ముప్పై సార్లు సరిదిద్దుకుంటుంటే, కింద మా ఆవిడ చారు పోపు పెడుతూ అదే వరుసను కూనిరాగం తీసేది.

అదే భవనంలో ఎదురు వాటాలో ఉండే మా తోడల్లుడికి, ఇండియా నుంచి దిగబోతున్న తమ్ముడి కోసం ఒక వాటా కావలసి వచ్చింది.

"ఆవిడ ఖాళీ చేస్తే మనవాళ్లంతా ఒకే బిల్డింగ్‌లో ఉండొచ్చు అన్నయ్యగారూ! కంప్లెయింట్ లెటర్ మీరే డ్రాఫ్ట్ చేయాలి. మీ ఇంగ్లీష్ చూస్తే మేనేజర్ కాదనలేడు."

ఆ పొగడ్తకు లొంగి రాశాను. పిల్లల చదువులకు భంగమని రాశాను. అప్పటికి మా నాలుగు తెలుగు కుటుంబాలలోని పెద్ద పిల్లకు పళ్లయినా రాలేదు. నలుగురమూ సంతకాలు చేశాము.

మేనేజరు నెలలో ఖాళీ చేయమని ఆమెకు కాగితం ఇచ్చాడు. ఆ కాగితంతో ఆమె తిన్నగా నా దగ్గరకే వచ్చింది. రికార్డింగుకు ఇంకా రెండు నెలలుంది, ఇప్పుడిప్పుడే గొంతు కుదురుతోంది, అంతవరకు ఉండనివ్వమని మీరు ఒక్క మాట చెప్పండి అని వేడుకుంది. చేసిన సంతకాన్ని వెనక్కు తీసుకోవడం పద్ధతి కాదని నేను బదులిచ్చాను. ఆ మాటతోనే రాసినవాళ్లలో నేనూ ఉన్నానని ఆమెకు తెలిసింది. తల ఊపి మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆనాటి సాయంత్రం పాట వినపడలేదు.

సీసాలు వదలని అన్న ఇంటికి తప్ప ఆమెకు పోవడానికి చోటు లేకపోయింది. రికార్డింగు జరగలేదు. రెండేళ్లకు ఆమె పోయినప్పుడు, తాగుడే మింగేసిందని పత్రికలు తీర్పు చెప్పాయి. మా ఉత్తరం సంగతి ఎవరూ రాయలేదు.

ఇదంతా ఆ ఆదివారం ఆ పిల్లకు పూసగుచ్చినట్టు చెప్పాను.

"ఇప్పుడవన్నీ ఎందుకు అన్నయ్యగారూ?" అని గొణిగాడు మా తోడల్లుడు. ఆ పిల్ల మాత్రం తండ్రి ముఖం వైపు చూడలేదు, నా ముఖం వైపూ చూడలేదు.

ఇప్పుడు మా అందరికీ విడివిడిగా పెద్ద ఇళ్లు, నడుమ విశాలమైన పచ్చికలు. ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. అప్పుడు కోరుకుంటున్నట్టు కాగితం మీద రాసిన నిశ్శబ్దం ఇప్పుడు కావలసినంత ఉంది; దానిలో సాయంత్రాలు గడవడమే కష్టంగా ఉంది.