జిమ్ము నోముకు ఉద్యాపన

ఆ కబురు మొదట మా ఇంటికి తెచ్చింది మా చిన్న ఆడపడుచు. గజపతినగరం నుంచి బస్సులో వచ్చి, విజయనగరం కాంప్లెక్సు దగ్గర దిగి, నడిచొచ్చే దారిలో ఫ్లెక్సీ చూసిందట. చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి మొదలెట్టింది.

"వదినా, మీ వీధి చివర మందుల షాపు మీద జిమ్ము పెట్టేరు. పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా ఆడవాళ్ళకేనట. నువ్వు చేరిపో."

"నాకేటమ్మా జిమ్ము? ఈ వయసులో ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"మొన్న మా నాన్న తద్దినం నాడు గోడ పట్టుకుని లేచేవు. నేను చూడలేదనుకున్నావా? అలాగే ఉంటే రేపు కిందే కూర్చోలేవు. అప్పుడు దండలెవరు కడతారు, మా అన్నయ్యా?"

కాఫీ గ్లాసు ఆమె చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను. నాలోపల నేను ఎవరికీ చెప్పుకోని భయాన్ని ఆమె అంత తేలిగ్గా అనేసింది.

మా అత్తవారిది కోవెల సేవ చేసే కుటుంబం. మా వీధి రామాలయానికి పొద్దున్నే పూలదండ మా ఇంటినుంచే వెళ్ళాలి. అత్తగారు పోయాక ఆ పని నా చేతికి వచ్చింది. అయిదింటికి పూలు కోసి, నేల మీద కూర్చుని, తడిపిన అరటినార కొసను కాలి బొటనవేలికి చుట్టి బిగించి, తులసి, నందివర్ధనం, మధ్యమధ్య మరువం పెట్టి కట్టుకుంటూ పోవాలి. కుర్చీలో కూర్చుంటే వేలు అందదు. నార వదులైతే దండ సాగిపోతుంది. మోకాలు ముడవడం మానేస్తే అత్తగారి చేతినుంచి వచ్చిన సేవ నాతో ఆగిపోతుంది. అందుకే చేరాను, సన్నబడడానికి కాదు.

నేను బడికి వెళ్ళలేదు. రామతీర్థం దగ్గర మా పల్లెలో మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు, లెక్కలు, నాలుగు కీర్తనలు నేర్పారు. తెలుగులో ఎంత సన్నటి అక్షరమైనా చదువుతాను. ఇంగ్లీషు రాదు. రాదని నలుగురిలో చెప్పుకోవడానికి అప్పట్లో సిగ్గుండేది.

జిమ్ములో ఆడవాళ్ళకి నేర్పే అమ్మాయే కౌంటరు దగ్గరా కూర్చుంటుంది. శ్రీకాకుళం వైపు పిల్ల, నవ్వుముఖం. నా ముందు ఇంగ్లీషు కాగితం పెట్టి, తనే అడుగుతూ నింపింది. పేరు, భర్త పేరు, వయసు, ఉండే వీధి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా.

"ఎందుకు చేరుతున్నారాంటీ?"

"కింద కూర్చోడానికమ్మా."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి ఏదో ఒక్క మాట రాసుకుంది. తర్వాత అడిగితే 'ఫ్లెక్సిబిలిటీ' అని రాశానంది.

"ఆరోగ్యం ఇబ్బందులేమైనా ఉన్నాయా? మోకాళ్ళూ, నడుమూ?"

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ అమ్మాయి అడుగుతున్న వరస నా చెవికి సంకల్పంలాగే వినిపించింది. కాలం చెప్పాను, చోటు చెప్పాను, పేరు చెప్పాను, కోరిక చెప్పాను. గోత్రం ఒక్కటే అడగలేదు, అదీ నేనే మనసులో అనుకున్నాను. సంకల్పం చెప్పుకునేటప్పుడు అశుభం పలక్కూడదని మా నాన్నగారి మాట. అందుకని, "ఏమీ లేవమ్మా, అంతా బాగానే ఉంది," అన్నాను. సంతకం పెట్టాను. ఫోనుకి ఏవో అంకెలు వస్తే చెప్పమంది, చెప్పాను. మూడు నెలల రుసుము, నేను దాచుకున్నదే, కట్టేశాను.

ఆ కాగితం ఇంటికి తెచ్చి నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి మందిరంలో పటం వెనకాల పెట్టాను. దీపం వెలిగించి, "మూడు నెలలు ఒక్కరోజు తప్పకుండా చేస్తాను స్వామీ, నన్ను నేలమీద కూర్చోనియ్యి," అని మొక్కుకున్నాను.

పొద్దున్న ఆరుకి జిమ్ము, ఏడుకల్లా కోవెలకి దండ. రెండూ కుదరవు. మూడు నెలలే కదా అని బజారులో దండ కొని పంపడం మొదలెట్టాను. అది నైలాను దారంతో కట్టినది. పూజారిగారు సాయంత్రం నిర్మాల్యం తీసేటప్పుడు ఆ దారం పూలలోంచి విడిగా లాగి పక్కన పడేస్తూ ఉంటే చూశాను. అరటినార అయితే పూలతోపాటు మొక్కల పాదులో కలిసిపోయేది.

జిమ్ములో మొదటివారం బాగానే ఉంది. రెండో వారం ఆ అమ్మాయి స్క్వాట్స్ అని చేసి చూపించింది. చూసి నాకు నవ్వొచ్చింది.

"ఇవి గుంజీలే కదమ్మా. చవితినాడు వినాయకుడి ముందు తీసేవే."

"అవే అనుకోండాంటీ. రోజుకి యాభై."

వినాయకుడికి అయిదు తీసినా సంతోషిస్తాడు. కానీ యాభై అన్నారు కాబట్టి యాభై తీశాను. నా మోకాలు సంగతి ఆ అమ్మాయికి చెప్పనే లేదు, తనకెలా తెలుస్తుంది? నెల తిరిగేసరికి రాత్రిళ్ళు పోటు మొదలైంది. రెండో నెలకి వాపు. చీర కుచ్చిళ్ళు కిందకి దించి కట్టుకుని, మా వారికి కనబడకుండా వామునూనె రాసుకునేదాన్ని. మధ్యలో ఆపితే వ్రతభంగం అన్న మాట ఒక్కటే తలలో తిరిగేది. ఒకరోజు దేవుడి గదిలో కూర్చోబోతే మోకాలు ముడవనే లేదు. నిలబడే దీపం పెట్టాను. ఆ రోజు భయపడ్డాను.

మరునాడు జిమ్ము మెట్లు సగం ఎక్కి, ఇంక ఎక్కలేక అక్కడే చతికిలబడ్డాను. పై మెట్టు మీద నేల తుడిచే ఆమె ఉంది. భావనపాడు వైపు పల్లెనుంచి బతుకుతెరువుకి వచ్చిన మనిషి. రోజూ నన్ను చూసి తల ఊపడమే కానీ ఎప్పుడూ మాట్లాడలేదు. తుడిచే కర్ర గోడకి ఆనించి రెండు మెట్లు దిగి వచ్చింది.

"ఏటమ్మా, కాలు అలాగున్నాది? కడవలాగ ఉబ్బిపోనాది."

"ఏం లేదమ్మా. ఇంకా పదిహేడు రోజులే. పూర్తి చేసేస్తాను."

"పదిహేడు రోజులేటి?"

"సంకల్పం చెప్పుకున్నాను. మధ్యలో ఆపకూడదు."

"ఎవులు సెప్పినారు?"

"సంతకం పెట్టాను కదా."

ఆమె నా పక్కన కూర్చుంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"అది కాయితమమ్మా, మొక్కు కాదు. ఆ కాయితంలో దేవుడెక్కడున్నాడు, సూపించు."

ఆమె పైకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఇంకో ఇసయం సెప్తాను. నాను సెప్పినానని ఆ కౌంటరు కాడి గుంటకి తెలీకూడదు, నా పని పోద్ది. మూడు నెల్లకి అయిపోద్దనుకుంటన్నావు కదా. అవదు. ఆపుతన్నానని రాసియ్యకపోతే దానంతటదే ఏడాదికి ఎలిపోద్ది. డబ్బులు బ్యాంకులోంచి అవే లాగీసుకుంటారు. పదిహేను రోజులు ముందుగా రాసియ్యాల."

"నీకెలా తెలుసు?"

"నెలనెలా ఎవులో ఒకులు ఆ టేబులు కాడ ఏడుత్తారు. తుడుస్తా ఇంటాను కదా."

పదిహేడులోంచి పదిహేను తీస్తే రెండు. నాకు రెండు రోజులు మిగిలాయి. ఏడాది రుసుమంటే మా ఇంట్లో ఆరునెలల పాల డబ్బు. కానీ నిజం చెప్పాలంటే అప్పుడు నాకు డబ్బు గుర్తుకు రాలేదు. మెట్టుమీద కూర్చుని ఊపిరి పూర్తిగా తీసుకున్నాను. ఆపొచ్చు. ఆపడానికి ఒక పద్ధతి ఉంది.

"అంటే ఉద్యాపన చెయ్యాలన్నమాట," అన్నాను.

ఆమె అప్పుడు నవ్వింది. "అదే. బేగి సేసీ. ముందు ఇంటికి పో, కాలు సూపించుకో."

నోము పట్టిన ఆడవాళ్ళకి తెలుసు, ఉద్యాపన చేసేదాకా నోము తీరదు. ఇదీ అంతే. పట్టడం నాకు చెప్పారు, తీర్చుకోవడం చెప్పలేదు.

ఇంటికి వచ్చి పటం వెనకనుంచి కాగితం తీసి, ఇందులో పదిహేను రోజుల షరతు ఏదైనా ఉందేమో చూడమని మా వారికి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, కాగితాన్ని కిటికీ దగ్గర వెలుగులోకి తిప్పారు.

"ఏటే, దీనికి పసుపెందుకు రాసేవు?"

"శుభకార్యమని."

"ఆ ముక్క నువ్వు పసుపు రాసిన మూలలోనే ఉంది. చీమల బారులాగ రాసేరు." గోటితో పసుపు గీకి, కూడబలుక్కుంటూ మొత్తం చదివి వినిపించారు. పదిహేను రోజుల సంగతి నిజమే. తర్వాత కాగితం పక్కన పెట్టి నా పాదాల వైపు చూశారు. "కాలు చూపించు," అన్నారు. చూపించాను. ఆయన తిట్టలేదు. ఆటో పిలవడానికి బయటికి వెళ్ళారు. నా జీవితంలో దేవుడు చేసిన మేళ్ళు రాసుకుంటే అందులో ఇదొకటి, తిట్టని మనిషిని ఇచ్చాడు.

డాక్టరుగారు మోకాలు నొక్కి చూసి, అరిగింది కానీ పాడవలేదన్నారు. కట్టు కట్టి, గుంజీలు మానమన్నారు. ఆరువారాలు విశ్రాంతి, తర్వాత మంచం మీద కూర్చుని కాలు చాపి ఎత్తడం. "ఇంకో నెల ఇలాగే చేసుంటే మాత్రం కింద కూర్చోవడం మర్చిపోవలసిందేనమ్మా," అన్నారు. బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. నాకు వచ్చిన భాషలోనే రాశాను. పైన 'శ్రీరామ' అని పెట్టి, ఫలానా తేదీతో నా చేరిక ముగుస్తుందని, ఆపైన నా ఖాతాలోంచి రుసుము తీసుకోవద్దని. చివర అలవాటుకొద్దీ, 'ఈ కార్యం ఇంతటితో సమాప్తం, లోపాలుంటే క్షమించగలరు' అని కూడా వచ్చేసింది. కొట్టెయ్యలేదు.

మర్నాడు మా వారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కాను. కౌంటరు దగ్గర అమ్మాయి ఉత్తరం చదివి, చివరి వాక్యం దగ్గర నవ్వాపుకుంది. ఆపైన మోకాలి కట్టు చూసి ముఖం మార్చుకుంది.

"ఆంటీ, నొప్పి ఉందని నాకు చెప్పొచ్చు కదా. మా అమ్మకీ మోకాళ్ళే. మీ చేత అన్ని చేయించేదాన్ని కాదు."

"నీ తప్పు లేదమ్మా. నువ్వు అడిగేవు, నేనే లేదన్నాను."

రెండో కాపీమీద ముద్ర వేస్తూ ఆగింది. "ఈ పదిహేను రోజుల రూలు ఎవరు చెప్పేరాంటీ మీకు?"

వెనకాల అద్దాల తలుపు దగ్గర తడిగుడ్డ నేలమీద రాస్తున్న చప్పుడు ఆగింది. ఆ బల్ల ముందు ఒకసారి అబద్ధం ఆడాను, మళ్ళీ ఆడదలచుకోలేదు. రాముణ్ణి తలుచుకున్నాను. "మా ఇంట్లో ఆయనకి ఇంగ్లీషు వచ్చు. కాగితం మొత్తం చదివి వినిపించేరు," అన్నాను. అదీ నిజమే. ముద్ర పడింది. తడిగుడ్డ చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఉద్యాపన అంటే వాయనం ఇవ్వాలి. ఆ ఆదివారం ఆమె పని ముగించుకుని మా వీధిలోంచి వెళ్ళే వేళకి పిలిచాను. పళ్ళెంలో జాకెట్టుగుడ్డ, అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు, తాంబూలం పెట్టాను. చూసి వెనక్కి తగ్గింది.

"నాకియ్యకూడదమ్మా. మా ఆయన పోయి నాలుగేళ్ళు. ముత్తైదువకియ్యాల."

నాకూ తెలుసు నియమం. ఒక్క క్షణం నా చెయ్యి కూడా ఆగింది, దాచడమెందుకు.

"జిమ్ము నోముకి నియమాలు ఎవరూ రాయలేదమ్మా," అన్నాను. "నేనే రాస్తున్నాను. పుచ్చుకో." మూడుసార్లు ఇస్తినమ్మ వాయనమన్నాను. మూడోసారికి ఆమె కొంగు పట్టింది.

"పుచ్చుకుంటినమ్మా," అని, వెంటనే, "శనగలు బాగా నానినాయి," అంది.

తర్వాత ఒకరోజు మా ఆడపడుచు ఫోను చేసి, "వదినా, ఎన్ని కేజీలు తగ్గేవు?" అని అడిగింది. జరిగింది చెప్పాను. "నేనే చెప్పేను కదా," అని ఏడవబోయింది. లేదమ్మా అన్నాను. తను చెప్పకపోతే గోడ పట్టుకునే లేస్తూ ఉండేదాన్ని, డాక్టరు దగ్గరికి ఎప్పటికి వెళ్ళేదాన్నో.

ఆ చేరికకి నేను అసలు ఎంత పెట్టానని ఒక్కోసారి ఆలోచిస్తాను. రుసుము అందులో చిన్నది. దాదాపు నాలుగు నెలల పాటు నా చేతి దండ కోవెలకి వెళ్ళలేదు. ఇంగ్లీషు రాదని ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడి, నొప్పి ఉందని చెప్పడానికి భయపడి, మోకాలు పణంగా పెట్టాను. ఇప్పుడు ఎవరు ఏ కాగితం ఇచ్చినా, "తెలుగులో చదివి చెప్పమ్మా, ఎలా ఆపాలో కూడా చెప్పు," అంటాను. బ్యాంకులో నవ్వారు. చదివారు కూడా.

ఆరువారాలు దాటాక మొదటి రోజు జానెడు ఎత్తు పీట వేసుకుని, ఎడమకాలు చాపి, కుడి బొటనవేలికి నార చుట్టాను. వేలు అందింది. గంటలో అయ్యేది గంటన్నర పట్టింది. పూజారిగారు దండ అందుకుని నార వేలితో తడిమి, "అమ్మా, వచ్చేశారా," అన్నారు. అప్పటినుంచి పీటమీదే కడుతున్నాను. స్వామికి అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు.

ఆమె ఇప్పటికీ ఆ మెట్లు తుడుస్తూనే ఉంది. అందుకే ఆమె పేరు ఇక్కడ రాయలేదు. మీరు రేపు దీపం పెట్టేటప్పుడో, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందో, పని పోతుందని తెలిసీ నా పక్కన మెట్టుమీద కూర్చున్న ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. భావనపాడు వైపు ఆమె అంటే చాలు, వినవలసినవాడికి తెలుస్తుంది.