ఆకాశం నుంచి పడ్డ నల్లరాయి

నా చిన్నప్పుడు, డెబ్బైలలో, దుమ్ముగూడెం దగ్గరి మా అమ్మమ్మ ఊళ్లో ఎండాకాలపు మధ్యాహ్నాలు ఇప్పపూల వాసనతో మత్తుగా సాగేవి. అలాంటి ఒక మధ్యాహ్నం అడవి అంచున నాకు నల్లటి, బరువైన రాయి దొరికింది. ఊరికే దొరికిందంటే ఎవరు వింటారు? ఆకాశం నుంచి మండుతూ పడుతుంటే చూశానన్నాను. అమ్మమ్మ నమ్మింది. పసుపు రాసి గూట్లో పెట్టింది. వాడంతా వచ్చి చూసిపోయింది. వారం తిరిగేసరికి నాకే నమ్మకం కుదిరింది. కళ్లు మూసుకుంటే ఆ మంట కనిపించేది.

అప్పుడే మా మేనమామ వచ్చాడు. ఆయన యూనివర్సిటీలో రాళ్ల గురించి, గ్రహాల గురించి పాఠాలు చెప్పేవాడు. గోదావరి ఒడ్డున రాళ్లు చూపించడానికి ఆరుగురు విద్యార్థులను వెంటబెట్టుకొచ్చాడు. అమ్మమ్మ గొప్పగా ఆ రాయి తెచ్చి వాళ్ల మధ్య పెట్టింది. మామ ఒక్క మాటంటే చాలు, నేను అబద్ధాలకోరునని అందరికీ తెలిసిపోతుంది.

మామ రాయిని కడిగి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"సార్, గిది చందమామ మీదికెళ్లి ఊడిపడ్డదా?" అని ఒక విద్యార్థి నవ్వాడు.

"నోట్సు తియ్యిర్రి. పేజీ నడుమ గీత కొట్టుర్రి. కంటికి కనబడ్డది ఎడమ దిక్కు, మీరనుకున్నది కుడి దిక్కు," అన్నాడు మామ. నాకూ ఒక కాగితం ఇచ్చాడు. "కోడలా, నువ్వు గూడ. చూసినదానివి నువ్వే గద!"

చింతచెట్టు నీడలో అందరూ తలలు వంచుకుని రాస్తున్నారు. నల్లగా ఉంది, బరువుగా ఉంది, చిన్న చిన్న బొక్కలున్నాయి అని ఎడమవైపు రాశాను. మంట దగ్గరకొచ్చేసరికి చెయ్యి కదల్లేదు. మెరుస్తున్న నదిని చూస్తూ కూర్చున్నాను. చివరికి దాన్ని కుడివైపు రాశాను.

మామ అందరివీ పైకి చదివాడు. నాది మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం ఇసుకలో నడుస్తూ చెప్పాడు: అది ఎప్పుడో ఇక్కడి మనుషులు ఇనుము కరిగించినప్పుడు మిగిలిన చిట్టెం. ఆ బొక్కలు, అది కుతకుత ఉడికినప్పటి బుడగలు.

"అమ్మమ్మకు ఎవరు చెప్తరు మామా?"

"పడంగ చూసినోళ్లే చెప్పాలె."

చెప్పాను. "ఏందే, వారం సంది నాతోని దండం పెట్టిచ్చినవా!" అని నెత్తిన మొట్టింది. రాయిని మాత్రం గూట్లోంచి తియ్యలేదు. "ఇనుము కరిగించినోళ్లు గూడ మనోళ్లే గద," అంది.

తర్వాత చాలా ఏళ్లు పత్రికలో వార్తలు రాశాను. నా నోటు పుస్తకాల్లో ప్రతి పేజీకీ నడుమ గీత ఉండేది. కుడివైపు ఇట్టే నిండిపోయేది. ఎడమవైపు ఒక్కోరోజు రెండు మాటలే ఉండేవి. ఆ రెండు మాటలే పంపేదాన్ని.